నా మాట పూర్తయ్యేదాకా ఆగినవాళ్లు

నా పేరు రజిత. ఈ రెండు మాటలు కాగితం మీద పెట్టడానికి క్షణం పట్టలేదు. నోటితో చెప్పడానికి మాత్రం ఒకప్పుడు ఒళ్లంతా చెమటలు పట్టేవి. చిన్నప్పటి నుంచి గలగలా మాట్లాడిన మనిషికి ఒక్క మధ్యాహ్నంతో నత్తి వస్తుందని నాకు తెలియదు. మా ఇంట్లో వాళ్లకూ తెలియదు. తెలియక మేం పడిన తిప్పలు ఇంకెవరూ పడొద్దని రాస్తున్నాను. అంతకంటే ఎక్కువగా, ఆ రోజుల్లో నా పక్కన నిలబడ్డ ఒకరిద్దరి గురించి చెప్పకపోతే నాకు నిమ్మళం ఉండదు.

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో జూనియర్ లైన్‌మన్‌ని. ఆడదాన్నైనా ఉద్యోగం పేరు అదే. చెన్నూరు వైపు గోదావరి ఒడ్డు ఊళ్లు మా సెక్షన్ కిందికి వస్తాయి. కొత్తగా చేరినప్పుడు నేను స్తంభం ఎక్కుతుంటే చూడడానికి జనం పనులు మానుకొని వచ్చేవాళ్లు. నాకు పని నేర్పింది సీనియర్ లైన్‌మన్ కొమురయ్య. చుట్టరికం ఏమీ లేదు కానీ కాక అని పిలుస్తాను, ఆయన నన్ను బిడ్డా అంటాడు. మా అత్తమ్మ నన్ను వసపిట్ట అనేది. "నోరు నొయ్యదానే నీకు?" అని నవ్వేది. అలాంటి దాన్ని.

*జూన్*

ఆ ఏడు మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు ముందు పెద్ద గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే ఊరూరా తీగలు తెగి, స్తంభాలు వంగి ఉన్నాయి. ఒక ఊరి చివర వేపకొమ్మ విరిగి తీగల మీద పడిందంటే కాక, నేను వెళ్లాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు తీసేశాం. తీగలో ఏమీ లేదని కాక పరీక్షించి చూసుకున్నాకే నడుముకు బెల్టు కట్టుకొని ఎక్కాడు. నేను కింద నిలబడి తాడుతో సామాన్లు పైకి పంపుతున్నాను.

నాలుగిళ్ల అవతల జనరేటర్ మొదలైన చప్పుడు వినిపించింది. ఆ ఇంట్లో శుభకార్యం ఉంది. కరెంటు పోయింది కదా అని తెచ్చుకున్నారు. దాన్ని ఇంటి వైరింగుకు ఎలా కలపాలో, ఎలా కలపకూడదో వాళ్లకు తెలియదు. ఆ కరెంటు ఇంటికి వచ్చే సర్వీసు తీగ గుండా వెనక్కి వచ్చి మేం పనిచేస్తున్న తీగలోకి ఎక్కింది.

తలెత్తి చూస్తే కాక కుడిచేయి తీగకు అతుక్కుపోయి ఉంది. ఒళ్లు గజగజ వణుకుతోంది.

కాకా అని అరవబోయాను. నోరు తెరుచుకుంది. గొంతు బిగుసుకుపోయింది. లోపల నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఒక్క క్షణం అలాగే నిలబడ్డాను, తర్వాత కాళ్లు వాటంతట అవే ఉరికాయి. జనరేటర్ దగ్గర ఉన్నతను "ఏమైందక్కా?" అంటూ అడ్డం వచ్చాడు. చెప్పడానికి నోట మాట రాలేదు. అతన్ని తోసేసి తాళం తిప్పి ఆపేశాను.

ఊరివాళ్లు నిచ్చెన వేసి కాకను దించారు. మంచిర్యాలకు, అక్కణ్నుంచి కరీంనగర్‌కు తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది. కుడిచేయి మణికట్టు దాకా తీసేశారు.

నా ఒంటి మీద గీత కూడా పడలేదు.

*ఆ వానాకాలం*

మొదట్లో నేను మాట్లాడకపోతే ఎవరూ పట్టించుకోలేదు. జడుసుకుంది, రెండ్రోజులైతే తేరుకుంటుంది అనుకున్నారు. మా సెక్షన్ ఇంజనీరు ఏఈ సారు ఇంటికొచ్చి ఏం జరిగిందో చెప్పమన్నప్పుడు బయటపడింది. "కాక స్తంభం ఎక్కాడు" అని మొదలుపెట్టబోయాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. క, క, క అంటూ అక్కడే తిరుగుతున్నాను. దవడ వణుకుతోంది, కళ్లు మూతపడుతున్నాయి. నేను ఏడుస్తున్నాననుకొని సారు లేచి నిలబడి, "సరేనమ్మా, తర్వాత మాట్లాడుదాం" అన్నాడు.

ఆ తర్వాత మాట వచ్చింది కానీ తునకలు తునకలుగా వచ్చింది. ఒక్కోసారి మొదటి అక్షరం పదిసార్లు పలికేది, ఒక్కోసారి అసలే పలికేది కాదు. అన్నిటికంటే కష్టం నా పేరు. ఇంకో పేరు చెప్పి తప్పించుకుందామా అని కూడా అనిపించేది.

ఇంట్లో వసకొమ్ము అరగదీసి నాలుకకు రాశారు. దిష్టి తీశారు. దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. పాట పాడితే నత్తి రాదని పక్కింటామె బతుకమ్మ పాట పాడించింది. పాటలోనూ వచ్చింది. ఆమె ముఖం చిన్నబోయింది. ఒక డాక్టరు పరీక్షలన్నీ చూసి, "అన్నీ నార్మలే. కావాలని చేస్తున్నట్టుంది" అని నా భర్తతో అన్నాడు. నేను అక్కడే కూర్చొని ఉన్నాను. కాదని చెప్పడానికి నోరు తెరిస్తే ఆయన మాటే రుజువైనట్టుగా ఉంది నా అవస్థ.

నా భర్త శ్రీకాంత్ బడి వ్యాన్ నడుపుతాడు. మంచివాడు. కానీ నేను మాట కోసం గింజుకుంటుంటే తల వంచుకొని ఫోన్ చూసుకునేవాడు. అత్తమ్మది ఇంకో తీరు. నేను నోరు తెరవగానే నా మాట ఆమె పూర్తి చేసేది. "నీళ్లు కావాల్నా? చాయ్ కావాల్నా? తల నొస్తుందా?" దుకాణంలో, బస్సులో, ఆసుపత్రిలో ఎవరు ఏమడిగినా ఆమే చెప్పేది. ప్రేమతోనే. కొద్ది రోజులకు జనం నన్ను అడగడమే మానేశారు. నా ముందే నా గురించి ఆమెను అడిగేవాళ్లు. నాకు జరిగిన అన్నిటిలో అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఆఫీసులో నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. స్తంభం ఎక్కనివ్వలేదు, అది న్యాయమే. పని మొదలుపెట్టే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, ఏ లైను, ఎక్కడ, ఎవరు ఎక్కుతున్నారో చెప్పి కరెంటు బంద్ చేయించుకోవాలి. దాన్ని ఎల్సీ తీసుకోవడం అంటాం. అందులో ఒక్క మాట అటు ఇటైనా మనిషి పోతాడు. ఫోన్ మోగితే పక్కవాళ్ల వైపు జరిపేదాన్ని.

*మంగళవారాలు*

కాకను చూడడానికి వెళ్లడానికి నాకు చాలా రోజులు ధైర్యం చాలలేదు. చివరికి అత్తమ్మే బలవంతంగా కరీంనగర్ తీసుకెళ్లింది. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చొని ఎడమచేత్తో అంగీ గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒకటి దొరకడం లేదు. జారిపోతోంది, మళ్లీ పట్టుకుంటున్నాడు. నేను చెయ్యి చాపాను.

"ఆగు బిడ్డా. నేనే పెట్టుకుంట."

ఆగాను. అంతసేపూ వరండాలో కూర్చున్నవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. గుండీ పడ్డాక తలెత్తి, "ఇంట్ల అందరు మంచిగున్నరా?" అన్నాడు.

నాకు మొదటి అక్షరమే రాలేదు. అత్తమ్మ నోరు తెరిచింది.

"నువ్వు జర ఆగు చెల్లె. బిడ్డ చెప్తది గదా," అన్నాడు కాక.

అత్తమ్మ ఆగింది. కాక నా కళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు. నా పెదాల వంక చూడలేదు, జాలిగా ముఖం పెట్టలేదు, గడియారం చూడలేదు. ఎప్పటికో "అందరూ బాగున్నారు" అన్న మాట బయటపడింది.

"మంచిది. ఇగ మనిద్దరికి ఒక ఒప్పందం," అన్నాడు. "నా గుండీ నువ్వు పెట్టకు, నీ మాట నేను చెప్ప. సమజైందా?"

అంత పెద్ద దెబ్బ తిన్న మనిషి నా గురించి ఆలోచించగలిగాడు. ఇప్పటికీ నాకు అది ఆశ్చర్యమే.

కాక చేతికి కట్టు కట్టే డాక్టరమ్మ ఆ రోజు నా పేరు అడిగింది. నా అవస్థ చూసి అత్తమ్మను అడగలేదు. "ఇది ఎప్పటి నుంచి?" అని నన్నే అడిగి, కింది అంతస్తులో స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపింది.

ఆమె పేరు నస్రీన్. గది చిన్నది, ఫ్యాన్ చప్పుడు చేస్తోంది. ఎన్నో ఏళ్లుగా నత్తివాళ్లను చూసిన మనిషి కాబట్టి మొదటే నా పేరు అడగలేదు. కూర్చోమని, నేనేమీ చెప్పకముందే తను చెప్పింది.

"ఇది నాటకం కాదు. దిష్టి కాదు. పెద్ద భయం తిన్న మనుషులకు గిట్ల నత్తి అచ్చుడు ఉంటది. నువ్వొక్కదానివే కాదు. ఫికర్ చెయ్యకు."

నాకు దుఃఖం ఆగలేదు. ఎన్ని నెలలో అయింది, నా బాధ నిజమని ఒకరు నమ్మి.

కాక ఇంటికొచ్చాక ప్రతి మంగళవారం కలిసే కరీంనగర్ వెళ్లాం. కాకకు చేతి వ్యాయామాలు, నాకు నోటి వ్యాయామాలు. నస్రీన్ మేడం నేర్పింది వినడానికి చాలా తేలిక. ఊపిరి వదులుతూ మాట మొదలుపెట్టాలి. అక్షరాన్ని నెట్టకుండా మెల్లగా తాకాలి. సాగదీసి పలకాలి. మొదట్లో నా మాట రేడియోలో బ్యాటరీ అయిపోయినట్టు ఉండేది. నాకే నవ్వు వచ్చేది. బస్సులో కిటికీ పక్కన కూర్చొని దుకాణాల బోర్డులు సాగదీసి చదివేదాన్ని. పక్కన కాక ఎడమచేత్తో పలక మీద అఆలు దిద్దేవాడు. చూసినవాళ్లు ఏమనుకున్నారో.

ఒక రోజు మేడం, "టికెట్ నువ్వే అడగాలె" అని పంపింది. బస్సు నిండా జనం. కండక్టరమ్మ వచ్చింది. "మంచిర్యాల" అన్న మాటలో మొదటి అక్షరం దగ్గర ఇరుక్కుపోయాను. వెనక నుంచి ఎవరో, "ఎక్కడికో చెప్పమ్మా, జల్ది" అని విసుక్కున్నారు. కాక నా పక్కనే ఉన్నాడు, ఒక్క మాట చెబితే అయిపోయేది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కండక్టరమ్మ వెనక్కి తిరిగి, "ఆమె చెప్తున్నది గదా, జర ఆగుండ్రి" అంది. చెప్పాను. టికెట్ చింపి నా చేతిలో పెట్టి ముందుకు వెళ్లిపోయింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

ఆ రోజు ఇంటికొచ్చి అత్తమ్మకు నేనే చెప్పాను. నా మాట నన్నే చెప్పనియ్యమని. "నువ్వు తిప్పల పడుతుంటె నా పానం ఆగదే బిడ్డా. అందుకే నడుమ చొరబడుతున్న" అంది. ఆ తర్వాత నేను మాట్లాడుతుంటే చీర కొంగు నోట్లో పెట్టుకొని కూర్చునేది. పాపం, అంత కష్టపడింది ఆమె.

*చలికాలం*

దీపావళి తర్వాత మేడం నన్ను సైకాలజిస్టు దగ్గరికి కూడా వెళ్లమంది. "నేను నోటికి నేర్పుతున్న. లోపల భయం ఉన్నదాక అది మళ్ల మళ్ల బిగుస్తనే ఉంటది," అంది.

ఆ సారు దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఒకేసారి కాదు, కొంచెం కొంచెం. జనరేటర్ చప్పుడు దాకా వచ్చేసరికి నాకు ఊపిరాడేది కాదు. ఆపి, నేల మీద కాళ్లు ఆనించి, గదిలో ఏమేం ఉన్నాయో చూడమనేవాడు. మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఇక్కడ ఒక సంగతి నాలాంటివాళ్లకు చెప్పాలి. ఆ మొదటి వారాల్లో నా నత్తి ఎక్కువైంది. వచ్చిన కాస్త మాట పోయింది. నిద్రలో ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇలా అవుతుందని సారు ముందే చెప్పాడు. చెప్పినా తట్టుకోవడం కష్టమే.

శ్రీకాంత్ తట్టుకోలేకపోయాడు. "పోయినకొద్ది ఎక్కువైతున్నది. ఏం థెరపీ ఇది? బంద్ చెయ్. ఇంట్ల కూసో, నేను సంపాదిస్త," అన్నాడు. నాకు కోపం వచ్చింది. కోపంలో మాట అసలే రాలేదు. గిన్నె నేలకేసి కొట్టాను.

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఆమె బంద్ చేస్తనని అన్నదారా? నువ్వు చూడలేక బంద్ చెయ్యమంటున్నవ్. చూడు, నేను చూస్తలేనా? నువ్వు గూడ చూడు," అంది కొడుకుతో.

శ్రీకాంత్ వాకిట్లోకి వెళ్లి వ్యాన్‌లో కూర్చున్నాడు. చాలాసేపటికి వచ్చి, "ఆ రోజు నువ్వు పైకి ఎక్కేదుంటె ఏమైతుండె అని రోజు అనిపిస్తది. నీ నోట్లె మాట ఇరికినప్పుడల్ల అదే యాదికొస్తది. అందుకే తల వంచుకుంట," అన్నాడు. అన్ని నెలలు ఒకే ఇంట్లో ఉండి ఒకరి భయం ఒకరికి తెలియలేదు. మరుసటి మంగళవారం అతనే సెలవు పెట్టి మాతో వచ్చాడు.

నా లోపల ఒక ముల్లు ఉండేది. సారు దగ్గర ఎన్నిసార్లు చెప్పినా అక్కడే ఆగేదాన్ని. ఆ రోజు నేను అరవలేదు. అరిచి ఉంటే ఎవరో ఒకరు జనరేటర్ ముందే ఆపేవాళ్లు, కాక చెయ్యి మిగిలేది. ఇది కాకకు చెప్పగలవా అని సారు అడిగాడు. చెప్పలేనన్నాను. ఆయన తొందరపెట్టలేదు.

సంక్రాంతి దాటిన ఒక మంగళవారం కరీంనగర్ బస్టాండులో బస్సు కోసం కూర్చున్నాం. శ్రీకాంత్ టీ తేవడానికి వెళ్లాడు. ఎందుకో అక్కడే మొదలుపెట్టాను. ఆ నాలుగు మాటలు చెప్పేలోపు రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి. ఒకటి మా బస్సే. కాక కదల్లేదు.

చివరిదాకా విని అన్నాడు, "ఆ జనరేటర్ సప్పుడుల నువ్వు ఒర్రితె ఎవనికి ఇనబడుతుండె?"

నేను ఆయన వైపు తిరిగాను.

"నాకు ఏం యాదున్నదో ఎర్కేనా? పైనుంచి నిన్నే చూస్తున్న. చెయ్యి గుంజుకుంటున్న, అస్తలేదు. ఇగ అయిపోయింది అనుకున్న. నువ్వు ఉరుకుతున్నవ్. చెప్పు ఊడిపోయింది, అయిన ఆగలే. బిడ్డ ఉరికింది, ఇగ ఫికర్ లేదనుకున్న. నువ్వు ఒర్రుకుంట నిలబడితె నేను సస్తుంటి."

అని, ఉన్న ఒక్క చేతిని నా తల మీద పెట్టాడు. శ్రీకాంత్ టీ గ్లాసులు పట్టుకొని వచ్చి, మా ఇద్దరినీ చూసి, కొంచెం దూరంలోనే నిలబడిపోయాడు.

నత్తి ఆ రోజుతో పోయిందని చెబితే అబద్ధం. కానీ ఆ మంగళవారం తర్వాత జనరేటర్ చప్పుడు దాటి కథ చివరిదాకా చెప్పగలిగాను. నిద్ర పట్టింది. నిద్ర పడితే నోరు కూడా కొంచెం వదులైంది.

*ఎండాకాలం, తర్వాత*

ఎండలు మొదలయ్యాక నన్ను లైను మీదికి పంపమని ఏఈ సారును అడిగాను. ఆయన భయపడ్డాడు. భయపడాల్సిందే. ఫోన్లో ఎల్సీ తీసుకొని చూపించమన్నాడు. సబ్‌స్టేషన్లో ఆ రోజు డ్యూటీలో ఉన్న ఆపరేటర్ తిరుపతి తొందర మనిషని అందరూ అంటారు. ఫోన్ ఎత్తగానే నస్రీన్ మేడం నేర్పిన మాట ముందు చెప్పాను. "నాకు నత్తి ఉంది. నేను పూర్తిగా చెప్పేదాకా ఆగు తమ్మీ."

అవతల తిరుపతి, "ఏం ఫికర్ లేదక్కా. నువ్వు మొత్తం చెప్పేదాక నేను ఫోన్ పెట్ట," అన్నాడు.

లైను పేరు, ఊరు, నా పేరు చెప్పాను. నా పేరు దగ్గర ఇరుక్కున్నాను, ఊపిరి వదిలి మళ్లీ మెల్లగా తాకాను. అతను అన్నీ తిరిగి చదివి వినిపించాడు. ఒక్కటీ తప్పులేదు. ఏఈ సారు తల ఊపాడు. ఆ వారమే మళ్లీ స్తంభం ఎక్కాను. పైకి వెళ్లాక కాసేపు ఆగి, ఊపిరి వదిలి పని మొదలుపెట్టాను.

ఇప్పటికీ అలసిపోతే, కోపం వస్తే, ఎక్కడైనా జనరేటర్ వినబడితే మాట ఆగుతుంది. అలాంటి రోజు మాట్లాడడం మానుకోను. మేడం ఒకటే అనేది, "నత్తి పోవుడు కాదమ్మా ముచ్చట. నువ్వు మాట్లాడుడు ముచ్చట." నత్తి ఉన్నవాళ్ల ఇళ్లల్లో ఎవరైనా ఇది చదువుతుంటే, మీ మనిషి మాటను మీరు పూర్తి చేయకండి. కష్టమే. చీర కొంగు నోట్లో పెట్టుకోండి.

మొన్న వానలకు ముందు మా దగ్గర భద్రత గురించి మీటింగ్ పెట్టారు. చుట్టుపక్కల సెక్షన్ల లైన్‌మన్లంతా వచ్చారు. కాకను కూడా పిలిచారు. ఇప్పుడాయన ఆఫీసులోనే సామాన్ల గది చూసుకుంటున్నాడు. ఇళ్లల్లో జనరేటర్లు పెట్టుకునేవాళ్లకు ఏం చెప్పాలో, పని చేసేవాళ్లు ఏం చూసుకోవాలో నన్ను చెప్పమన్నాడు ఏఈ సారు. మైకు ముందు నిలబడ్డాను. అన్ని ముఖాలు చూసేసరికి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. ముందు వరుసలో ఎవరో నాకు సాయంగా ఒక మాట అందించబోతే పక్కనున్నవాడు మోచేత్తో పొడిచాడు.

నత్తితోనే చెప్పాను. ఆ మధ్యాహ్నం జరిగింది మొత్తం, కాక ఎక్కడం, జనరేటర్ చప్పుడు, నేను ఉరకడం, ఏదీ వదలకుండా చెప్పాను. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. పావుగంట మాట్లాడమన్నారు, అంతకు చాలా ఎక్కువే అయింది. మధ్యలో ఎవరూ లేవలేదు, ఎవరూ ఫోన్ చూసుకోలేదు.

దిగి వచ్చి కాక పక్కన కూర్చున్నాను. ఆయన మెచ్చుకుంటాడేమోనని చూశాను. కాక వెనక బల్ల మీద పెట్టిన అన్నం గిన్నెల వైపు తిరిగి చూశాడు.

"మస్తు లేట్ చేసినవ్ బిడ్డా," అన్నాడు. "బువ్వ సల్లారిపాయె."

ఆ రోజు అందరం చల్లటి అన్నమే తిన్నాం.